ఇబ్బంది పెట్టి వెళ్లిన సహోద్యోగి మళ్లీ అదే టీమ్‌లోకి వస్తుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రెండేళ్ల కిందట మానేసి వెళ్లిన సహోద్యోగిని మేనేజ్‌మెంట్ మళ్లీ మీ టీమ్‌లోకే తీసుకుంటోంది. మూడు వారాల్లో చేరతాడు. అతను ఉన్న రోజుల్లో మీరు చేసిన పనిని తన ఖాతాలో వేసుకునేవాడు, మీటింగుల్లో మీ మాట పూర్తి కానిచ్చేవాడు కాదు, అడిగిన సమాచారం చివరి నిమిషం దాకా ఇచ్చేవాడు కాదు. అతను వదిలి వెళ్లిన పనంతా ఇప్పుడు మీరే చూస్తున్నారు. మళ్లీ తీసుకునే ముందు మిమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదు. రాజీనామా చేసేయాలా, ఉంటే ఎలా నెట్టుకురావాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే రాజీనామా చేయకండి. అతన్ని తీసుకోవద్దని పోట్లాడకండి కూడా. ఆఫర్ చేతికిచ్చాక కంపెనీలు వెనక్కి తగ్గడం అరుదు, పోట్లాడితే అతను అడుగు పెట్టకముందే గొడవకు కారణం మీరని ముద్ర పడుతుంది. మీ చేతిలో ఉన్నది ఈ మూడు వారాలు. అతను చేరేలోపు ఏ పని ఎవరిదో మేనేజర్ చేత రాతపూర్వకంగా తేల్పించుకోండి. చేరాక 90 రోజులు గమనించండి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోండి. ఉండాలా వెళ్లాలా అన్నది అప్పుడు నిర్ణయించుకోండి.

మూడు వారాల మీద ఇంత పట్టు ఎందుకంటే, అతను చేరకముందు పని పంపకం గురించి అడిగితే అది పని గురించిన ప్రశ్న. చేరిన నెలకు అదే మాట అడిగితే అది అతని మీద ఫిర్యాదు. మాట ఒకటే అయినా వినేవాళ్లకు అందే అర్థం వేరు.

ముందు ఒక సంగతి మనసులోంచి తీసేయాలి: "నన్ను అంత ఏడిపించాడని తెలిసి కూడా తీసుకున్నారు" అన్న బాధ. చాలాసార్లు వాళ్లకు నిజంగానే తెలియదు. ఉద్యోగుల మధ్య తగాదాల ఫైళ్లు చూసేవాళ్లకు ఇది రోజూ కనిపించేదే. మానేసిన మనిషి రికార్డులో సాధారణంగా ఉండేవి రాజీనామా తేదీ, చెప్పిన కారణం, పనితీరు రేటింగు, మళ్లీ తీసుకోవచ్చా లేదా అన్న ఒక గడి. నోటీసు పీరియడ్ సక్రమంగా పూర్తి చేసి, క్రమశిక్షణ చర్య ఏదీ లేకపోతే ఆ గడిలో దాదాపు ఎప్పుడూ "తీసుకోవచ్చు" అనే ఉంటుంది. మీరు క్యాంటీన్‌లో చెప్పుకున్నది, పాత మేనేజర్‌తో తలుపు వేసుకుని మాట్లాడింది ఆ ఫైల్లోకి ఎక్కవు. పాత మేనేజర్ కూడా మారిపోయి ఉంటే, కొత్తవాళ్లకు అతను పని తెలిసినవాడు, నేర్పించే ఖర్చు లేనివాడు, ఖాళీని త్వరగా నింపే మనిషి. అంతే. మీ మీద కక్షతో చేసిన పని అనుకుంటే మొదటి మీటింగులోనే మీ గొంతు మారిపోతుంది, ఆ గొంతుతో మీరు అడిగేది ఎవరికీ వినబడదు.

ఇక చేయాల్సిన పని. ఒక సాయంత్రం కూర్చుని అతనితో వచ్చిన ఇబ్బందులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన రెండు ప్రశ్నలు వేసుకోండి: దీనివల్ల పనికి ఏం నష్టం జరిగింది? అప్పట్లో దీన్ని సాధ్యం చేసిన పరిస్థితి ఇప్పటికీ ఉందా? రెండో ప్రశ్న చాలా ముఖ్యం. పనిని తన ఖాతాలో వేసుకోగలిగాడంటే బహుశా వారం రిపోర్టు అతని చేతుల మీదుగానే పైకి వెళ్లేది. ఇప్పుడు ఆ రిపోర్టు ఎవరు పంపుతున్నారు? మీరే అయితే ఆ సమస్య సగం ఇప్పటికే తీరింది. సమాచారం తొక్కిపెట్టగలిగాడంటే ఫైళ్లు అతని సొంత కంప్యూటర్లో ఉండేవి. ఇప్పుడు అన్నీ ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంటే అతను తొక్కిపెట్టడానికి మిగిలింది తక్కువ. ఇలా వడపోస్తే, మనిషి స్వభావం వల్ల వచ్చినవీ పని ఏర్పాటులో ఉన్న కంతల వల్ల వచ్చినవీ విడిపోతాయి. కంతలు పూడ్చడానికి అతను మారనక్కర్లేదు.

ఈ కాగితం మీ కోసమే. మేనేజర్‌కి చూపించకండి. రెండేళ్ల నాటి చిట్టా విప్పితే మీరు పాత పగ మోస్తున్నారనే అనుకుంటారు.

మేనేజర్‌తో మాట్లాడేది. అరగంట సమయం తీసుకోండి. అడగాల్సినవి నాలుగే: అతను ఏ హోదాలో వస్తున్నాడు, ఎవరికి రిపోర్ట్ చేస్తాడు, నేను చూస్తున్న పనుల్లో ఏవైనా అతనికి వెళ్తున్నాయా, మా ఇద్దరికీ అభిప్రాయం కుదరనప్పుడు ఆఖరి మాట ఎవరిది. నాలుగోది చాలామంది వదిలేస్తారు. గొడవలు రాజుకునేది సరిగ్గా అక్కడే.

మాట ఎలా ఎత్తాలంటే: "అతను తిరిగి వస్తున్నాడని విన్నాను. అతను వదిలిన పనులు రెండేళ్లుగా నేను చూస్తున్నాను కాబట్టి, మొదటి రోజు నుంచే ఎవరి పని ఏదో స్పష్టంగా ఉంటే ఇద్దరికీ తేలిక. ఇదివరకు మేం కలిసి పనిచేసినప్పుడు ఈ స్పష్టత లేక రెండు మూడు సార్లు పని ఆలస్యమైంది, అది మళ్లీ జరగకూడదని అడుగుతున్నాను." ఇందులో అతని స్వభావం గురించి ఒక్క మాటా లేదు. పాత ఇబ్బంది ఉందన్న సంగతి మాత్రం మేనేజర్ చెవిన పడింది. ఏం జరిగిందని వాళ్లే అడిగితే ఒకే ఒక్క ఉదాహరణ చెప్పండి, పనికి నష్టం స్పష్టంగా కనిపించినది. రెండోది అడిగితేనే రెండోది. "అతనితో నేను పనిచేయలేను", "అతనైనా ఉండాలి నేనైనా ఉండాలి" లాంటి మాటలు నోటి నుంచి రానివ్వకండి. తాడోపేడో తేల్చమంటే చాలాసార్లు మీకు అక్కర్లేనిదే తేలుతుంది.

అదే రోజు సాయంత్రంలోపు ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"ఈరోజు మాట్లాడుకున్నది నా అవగాహన కోసం రాస్తున్నాను. నెలవారీ రిపోర్టు, క్లయింటుతో మంగళవారం కాల్, ధరల పట్టిక నా దగ్గరే ఉంటాయి. కొత్త ప్రాజెక్టు ప్లానింగ్ అతను చూస్తాడు. ధరల మార్పుల్లో తేడా వస్తే ఆఖరి నిర్ణయం మీది. ఏదైనా పొరపాటుగా రాస్తే చెప్పండి."

చివరి వాక్యాన్ని మర్యాద కోసం పెట్టే మాటగా చూడకండి. జవాబు రాకపోయినా, అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చారన్నది రికార్డులో ఉంటుంది. మేనేజర్ "చూద్దాంలే, అతను వచ్చాక సర్దుకుంటుంది" అని దాటేస్తే, మీరే ఒక పంపకం ప్రతిపాదించి "వేరేగా చెప్పేదాకా ఇలా నడిపిస్తాను" అని రాయండి. ఖాళీ కాగితం ముందు జారుకునేవాళ్లు కూడా రాసి ఇచ్చినదాన్ని దిద్దడానికి ఒప్పుకుంటారు.

ఈ మూడు వారాల్లోనే ఇంకో పని. ఉమ్మడి ఫైళ్లలో ఎవరికి ఏ అనుమతి ఉందో చూడండి. తిరిగి వచ్చినవాళ్ల పాత అకౌంటును తెరిచినప్పుడు పాత అనుమతులు అలాగే వెనక్కి వచ్చేసే ప్రమాదం ఉంది. రెండేళ్ల కిందటి హోదాకు ఇచ్చిన అనుమతులతో అతను ఇప్పటి మీ ఫైళ్లు మార్చగలిగితే రేపు ఎవరు ఏం మార్చారన్న తగవు ఖాయం. ఐటీ వాళ్లకు ఒక టికెట్ పెడితే అయిపోతుంది, కాకపోతే మేనేజర్‌కి చెప్పి పెట్టండి.

టీమ్‌లో మాత్రం నోరు కట్టేసుకోండి. అతను ఉన్నప్పుడు లేని కొత్తవాళ్లకు అతని గురించి ముందే చెప్పి సిద్ధం చేయాలనిపిస్తుంది. వద్దు. మీరు అన్నమాట నెలలోపు అతని చెవికి చేరుతుంది, చేరేటప్పటికి రెండింతలు అవుతుంది. ఎవరైనా అడిగితే "కలిసి పనిచేశాం, పని తెలిసిన మనిషి" అని ఊరుకోండి. అది అబద్ధం కాదు కదా.

చేరిన రోజు. మామూలుగా పలకరించండి. పాత విషయం మీరు ఎత్తకండి, "ఇప్పుడైనా మారావా" అని సరదాకి కూడా అనకండి. మొదటి వారంలో పావుగంట కూర్చుని ఇప్పుడు పని ఎలా నడుస్తోందో చూపించండి: ఫైళ్లు ఎక్కడ, రిపోర్టు ఎప్పుడు, ఎవరి ఆమోదం కావాలి. రెండేళ్లలో చాలా మారి ఉంటుంది. తిరిగి వచ్చినవాళ్లు అవస్థ పడేదీ ఇక్కడే. తమకు అంతా తెలుసనుకుని వస్తారు, తెలిసిందంతా పాతబడిపోయి ఉంటుంది. ఆ ఇరకాటంలోంచే "ఇదివరకు మనం ఇలా చేసేవాళ్లం కాదే" అన్న మాట వస్తుంది. దానికి జవాబు: "అవును, అప్పుడు అలా ఉండేది. ఇప్పుడు ఇలా మారింది, కారణం ఇది. మార్చాలనిపిస్తే బుధవారం మీటింగులో పెడదాం." వాదన లేదు, లొంగిపోవడం లేదు, మాట్లాడే చోటు మాత్రం చూపించారు.

అతనే క్షమాపణ చెప్తే? వినండి, "చెప్పినందుకు థాంక్స్" అనండి. అంతకు మించి మాట ఇవ్వక్కర్లేదు. కొంతమంది నిజంగానే మారి వస్తారు. బయట దెబ్బలు తిన్నవాళ్లు, మధ్యలో టీమ్ నడిపి అవతలి వైపు కష్టం చూసినవాళ్లు మెత్తబడతారు. దీన్ని తేల్చేది మాట కాదు, మూడు నెలల నడవడిక.

ఇక పాత అలవాట్లు మళ్లీ తల ఎత్తితే ఏం చేయాలో. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు.

పనిని తన ఖాతాలో వేసుకోవడం. దీనికి విరుగుడు ముందే చెప్పుకోవడం. తర్వాత "అది నేను చేశాను" అని సరిచేస్తే చిన్నతనంగా ఉంటుంది, ఎవరికీ గుర్తూ ఉండదు. మీటింగుకు ముందు రోజే "ఈ వారం నేను పూర్తి చేసినవి, మిగిలినవి" అని నాలుగు వాక్యాల సందేశం టీమ్ మొత్తానికి పంపండి. ప్రతి వారం, అదే రోజు, అతనున్నా లేకున్నా. అలవాటుగా మారితే అది అతని మీద బాణంలా కనిపించదు. డాక్యుమెంట్లు ఉమ్మడి ఫోల్డర్‌లోనే తయారు చేయండి. అక్కడ ఎవరు ఎప్పుడు ఏం రాశారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. సొంత కంప్యూటర్లో చేసి అటాచ్‌మెంట్‌గా అతనికి పంపితే ఆ చరిత్ర తెగిపోతుంది, తర్వాత దాన్ని ఎక్కించినవాళ్ల పేరే మిగులుతుంది. మీ భాగం మీరే ప్రజెంట్ చేయండి. "స్లైడ్స్ ఇచ్చెయ్, అన్నీ కలిపి నేను చెప్పేస్తాను" అంటే "కలపండి, నా మూడు స్లైడ్లు నేను చెప్తాను" అనండి.

మాట మధ్యలో అడ్డుపడటం. గొంతు పెంచకుండా, ఆగకుండా, "ఒక్క నిమిషం, ఇది పూర్తి చేస్తాను" అని అదే వాక్యం కొనసాగించండి. ఆ మాట అన్నాక ఆగి అతని మొహం చూస్తే అనుమతి అడిగినట్టే అవుతుంది. మీటింగు నడిపేవాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి: "నాకు ఐదు నిమిషాలు కావాలి, ప్రశ్నలు ఆఖర్లో తీసుకుంటాను." వాళ్లు దాన్ని అందరి ముందూ ప్రకటిస్తే, అడ్డుపడేవాడు మీ మాటకు కాకుండా వాళ్ల మాటకు అడ్డుపడ్డట్టవుతుంది.

సమాచారం ఇవ్వకపోవడం. నోటితో అడగడం మానేయండి. ఏది కావాలి, ఎందుకు కావాలి, ఏ తేదీకి కావాలి, రాకపోతే ఏం ఆగుతుంది, ఈ నాలుగూ ఒకే సందేశంలో ఉండాలి. మొదటిది అతనికొక్కడికే. గుర్తుచేసేది కూడా అతనికే, గడువుకు ఒకరోజు ముందు. గడువు దాటాకే మేనేజర్‌ని సీసీలో పెట్టి, "ఇది రాలేదు కాబట్టి రిపోర్టు గురువారానికి జరుపుతున్నాను" అని పని భాషలో రాయండి. మొదటి ఈమెయిల్లోనే మేనేజర్‌ని చేర్చితే అది బెదిరింపులా కనిపిస్తుంది, రెండోసారికి దానికి విలువ ఉండదు.

ఒకటి అని ఇంకొకటి అన్నాననే అలవాటుంటే ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ రెండు వాక్యాల్లో రాసి పంపండి. అరుపులకు దిగితే "ఇలా మాట్లాడుకోలేం, గంట తర్వాత కూర్చుందాం" అని లేచి వెళ్లండి, గంట తర్వాత నిజంగా కూర్చోండి.

రాసిపెట్టుకోవడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా రాసేది ఇదే. "ఈరోజు మళ్లీ నన్ను అవమానించాడు, ఎప్పుడూ ఇంతే" అన్నది ఎవరికీ ఉపయోగపడదు. పనికొచ్చేది ఇలా ఉంటుంది: "14వ తేదీ, ఉదయం 11 గంటల మీటింగు. ధరల పట్టిక వివరిస్తుండగా మూడుసార్లు అడ్డుపడ్డాడు. మూడోసారి 'ఇది నీకు అర్థమయ్యే విషయం కాదు' అన్నాడు. ఇంకో నలుగురు ఉన్నారు. పట్టిక ఆమోదం వచ్చే వారానికి వాయిదా పడింది." తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా, ఎవరున్నారు, పనికి ఏమైంది. ఐదు వాక్యాలు. అదే రోజు రాయాలి, వారం తర్వాత రాస్తే మన కోపం కూడా అందులో కలిసిపోతుంది.

అందులోనే అతను సరిగ్గా ప్రవర్తించిన సందర్భాలు కూడా రాయండి. ఎందుకంటే ఒక మనిషి చెడ్డవాడని మనసులో నిలిచిపోయాక, మన కన్ను ఆ చెడునే ఏరుకుంటుంది. మనస్తత్వశాస్త్రంలో దీన్ని ధ్రువీకరణ పక్షపాతం అంటారు. సమయానికి ఫైలు పంపిన ఐదుసార్లు గుర్తుండవు, పంపని ఒక్కసారి గుర్తుంటుంది. రెండు వైపులా రాసిన నోట్సు మీకు నిజం చెప్తుంది, రేపు దాన్ని చదివేవాళ్లకు మీ మీద నమ్మకమూ కలిగిస్తుంది.

ఇందులో రెండు జాగ్రత్తలు. కంపెనీ ఈమెయిళ్లు, ఫైళ్లు మీ సొంత ఈమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోకండి. గోప్యత నిబంధన ఉల్లంఘించారని మీ మీదే చర్య తీసుకునే వీలుంటుంది, గెలవాల్సిన కేసు అక్కడే పోతుంది. నోట్సులో సందర్భం రాయండి, క్లయింటు వివరాలు వద్దు. రహస్యంగా ఆడియో రికార్డు చేయడం కొన్ని దేశాల్లో నేరం, చట్టం అనుమతించే చోట కూడా కంపెనీ నిబంధనలు ఒప్పుకోకపోవచ్చు. ఆ దారి పట్టకండి.

పైకి ఎప్పుడు తీసుకెళ్లాలి? ఒకసారి జరిగితే నోట్సు. రెండోసారి జరిగితే అతనితోనే నేరుగా, ఏకాంతంగా మాట. మూడోసారికి మేనేజర్. అతనితో మాట్లాడేటప్పుడు సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే నాయకత్వ శిక్షణ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన సందర్భం, ప్రవర్తన, ప్రభావం అనే వరస బాగా పనిచేస్తుంది: "నిన్న క్లయింటు కాల్‌లో నేను గడువు చెప్తుంటే మధ్యలో వేరే తేదీ చెప్పారు. క్లయింటు ఏది నిజమని నన్ను మళ్లీ అడిగాడు. ఇకనుంచి తేదీ మీద తేడా ఉంటే కాల్‌కి ముందే చెప్పండి." ఇందులో ఎప్పుడూ, ప్రతిసారీ, మీ బుద్ధి లాంటి మాటలు లేవు. కాదనడానికి అతనికి పట్టు దొరకదు. మేనేజర్ దగ్గరికి వెళ్లినప్పుడు బాధ మాత్రమే చెప్పి రాకండి, కావాల్సింది అడగండి: క్లయింటు కాల్ ఒకరే నడిపేలా చేయమనో, రిపోర్టులో ఎవరి భాగం కింద వాళ్ల పేరు పెట్టమనో. ఏం చేయాలో తెలియని మేనేజర్ "మీరిద్దరూ సర్దుకోండి" అంటాడు.

ఈ మూడుసార్ల లెక్క కష్టమైన మనిషికే. వేధింపుకు ఈ లెక్క లేదు. బెదిరింపు, చేయి చేసుకోవడం, లైంగికపరమైన మాట లేదా చేష్ట, కులం, మతం, రంగు, లింగం, వైకల్యం పేరుతో కించపరచడం, భద్రతకు ముప్పు తెచ్చే పని, వీటిలో ఏది జరిగినా ఒక్కసారికే హెచ్ఆర్‌కి రాతపూర్వకంగా వెళ్లాలి. పని ప్రదేశాల్లో హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం కూడా ఒక్కసారి జరిగినా, పదేపదే జరిగినా అది వేధింపే అంటుంది. రెండేళ్ల కిందట అతను చేసింది ఈ కోవలోదే అయితే, నేను పైన చెప్పిన "పాతది ఎత్తకండి" అన్నది మీకు వర్తించదు. అతను చేరకముందే హెచ్ఆర్‌కి వెళ్లండి, తేదీలతో చెప్పండి, వేరే టీమ్ లేదా వేరే రిపోర్టింగ్ అడగండి.

అతను మీ పై హోదాలో వస్తుంటే సంగతి బరువైనది. అప్పుడు పని పంపకం అతని చేతుల్లోకే వెళ్తుంది కాబట్టి, ఇప్పటి మేనేజర్ దగ్గర ఈ ఏడాది మీ లక్ష్యాలు, ఇప్పటిదాకా చేసిన పని మీద అంచనా అతను చేరకముందే రికార్డు చేయించండి. సగం ఏడాది పనిని కొత్తగా వచ్చినవాడు తీర్పు చెప్పే పరిస్థితి రాకూడదు. వేరే టీమ్‌కి మారే అవకాశం గురించి కూడా అప్పుడే వాకబు చేయండి.

ఇక రాజీనామా. వెతుక్కోవడం ఇప్పుడే మొదలుపెట్టండి, తప్పేం లేదు, రెజ్యూమె తాజాగా ఉంటే మనసుకీ ధైర్యం. 90 రోజుల దగ్గర మీ నోట్సు తీసి మూడు చూడండి: అడిగిన మార్పుల్లో మేనేజర్ ఎన్ని చేశారు, ఘటనలు మూడో నెలలో మొదటి నెలకన్నా తగ్గాయా పెరిగాయా, మీ నిద్ర, ఆరోగ్యం ఎలా ఉన్నాయి. ఘటనలు తగ్గుతుంటే ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. రాతపూర్వకంగా రెండుసార్లు అడిగినా మేనేజర్ కదలకపోతే అప్పుడు సమస్య అతను కాదు, అక్కడి యాజమాన్యం. అది మూడు నెలల్లో మారేది కాదు, వేరే ఆఫర్ చేతిలోకి వచ్చాక వెళ్లిపోండి. నిద్ర పట్టకపోవడం, పనికి వెళ్లాలంటే కడుపులో తిప్పడం మొదలైతే మాత్రం 90 రోజుల లెక్క పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి.

వెళ్లేటప్పుడు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం రాయండి, తేదీలతో, రెండు మూడు ఉదాహరణలతో. మర్యాదగా ఉంటుందని "వ్యక్తిగత కారణాలు" అని రాసేస్తే అతని ఫైలు మళ్లీ శుభ్రంగానే ఉండిపోతుంది.

ఇప్పటికి ఈ వారంలో చేయాల్సింది మేనేజర్‌తో ఆ అరగంట. మీటింగు ఆహ్వానం పంపేటప్పుడు సబ్జెక్టులో అతని పేరు పెట్టకండి, "వచ్చే నెల నుంచి పని పంపకం" అని పెట్టండి. క్యాలెండర్లు చాలామంది చూస్తారు.